ఫ్రిస్కోలో జనరల్ బోగీ

ఫ్రిస్కో పేరు వినని తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువే. అబ్బాయి డాలస్‌లో ఉన్నాడని చెప్తే, ‘ఫ్రిస్కోనా, ప్లేనోనా?’ అని పెళ్లిళ్ల పేరయ్య కూడా అడుగుతున్నాడు. అక్కడి ఇళ్ల ధరలు, బడుల ర్యాంకులు, హనుమంతుడి గుడి, బిర్యానీ హోటళ్లు అనంతపురం జిల్లాలో కూర్చుని చెప్పగలిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు. కానీ ఆ ఊరిని కన్నది రైలు అన్న సంగతి వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. గుంతకల్లు డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. కూతురింటికి పోయినప్పుడు మాల్ చూపిస్తామంటే, ముందు పట్టాలెక్కడున్నాయో చూపించమన్నాను.

కథ నీళ్లతో మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో దక్షిణ టెక్సాస్ నుంచి పొడుగు కొమ్ముల పశువుల మందల్ని ఉత్తరాన మిస్సోరీ దాకా తోలుకుపోయే బాట ఒకటుండేది. షానీ ట్రెయిల్ అనేవారు. వానకు బురద కాకుండా మెరక మీదుగా సాగిన ఆ బాటే దాదాపుగా ఇవాళ్టి ప్రెస్టన్ రోడ్డు. దాని మీద లెబనాన్ అనే పల్లె ఉండేది, 1860లో పోస్టాఫీసు కూడా వచ్చింది. 1902లో సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే ఆ ప్రాంతంలో లైను వేసేటప్పుడు లెబనాన్ వాళ్లు తమ ఊరికే స్టేషన్ వస్తుందనుకుని ఉంటారు. రాలేదు. మెరక మీద నీళ్లు లేవు. నీళ్లు లేనిచోట ఆవిరి ఇంజన్‌కు పని లేదు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి మా వైపు ఆవిరి ఇంజన్లు చివరి రోజుల్లో ఉన్నాయి. ఫైర్‌మన్ టెండర్ మీదికెక్కి, వాటర్ కాలమ్ గొట్టాన్ని లోపలికి తిప్పుకుని, ధారగా నీళ్లు నింపుకోవడం కళ్లారా చూశాను. బండి ఎంత ముఖ్యమైనదైనా ఆ నీళ్ల దగ్గర ఆగాల్సిందే. అందుకే రైల్వే వాళ్లు లెబనాన్‌ను వదిలేసి, నాలుగు మైళ్లు పడమరగా పల్లంలోకి దిగారు. అక్కడ నీళ్లు నిలవ చేసుకునే వీలు చూసుకుని, పట్టాల పక్కన ప్లాట్లు కొట్టారు. 1902 ఫిబ్రవరి 13న వాటిని వేలం వేశారు. కొనేవాళ్లను రైళ్లలో ఎక్కించి మరీ తెచ్చారు. మన వెంచర్ల వాళ్లు ఆదివారం పూట బస్సు పెట్టి, భోజనం పెట్టి సైట్ చూపించడం కొత్త విద్యేం కాదన్నమాట. ఊరికి మొదట ఎమర్సన్ అనే పేరు అనుకున్నారు. అలాంటి పేరుతో మరో ఊరుందని తపాలా శాఖ ఒప్పుకోకపోతే, రైల్వే ముద్దుపేరు ఫ్రిస్కోనే పెట్టుకున్నారు. లెబనాన్ వాళ్లలో కొందరు చెక్క ఇళ్లను దుంగల మీద దొర్లించుకుంటూ కొత్త ఊరికి తెచ్చుకున్నారు. ఇల్లు వదిలి ఊరు మారినవాళ్లను చాలామందిని చూశాను. ఇంటితో సహా ఊరు మారినవాళ్ల గురించి వినడం అదే మొదలు.

ఆ మొదటి తరం పత్తి, గోధుమ పండించింది. నేల నల్లరేగడి. మా ఆదోని వైపు ఎలా ఉంటుందో అచ్చం అలాగే, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల. ఆగస్టులో ఓ సాయంత్రం మా అల్లుడు ఇంటి గోడల చుట్టూ చిల్లుల రబ్బరు పైపు పరిచి నీళ్లు వదిలాడు. పూలమొక్కలకేమో అనుకున్నాను. పునాదికట. నేల ఎండి కుంచించుకుపోతే కింద వేసిన కాంక్రీటు పలక పగులుతుంది కాబట్టి ఎండాకాలమంతా ఇంటికి నీళ్లు పెట్టాలి. మా పక్క నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లు పునాదికి ఎంత లోతు తవ్వించేవాళ్లో, ఎంత ఇసుక పోయించేవాళ్లో చెప్తే, ‘ఇక్కడ అంత టైమెక్కడిది మామయ్యా, నాలుగైదు నెలల్లో తాళాలు చేతిలో పెట్టేస్తారు’ అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఊరి గత ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. 1990 జనాభా లెక్కల్లో ఫ్రిస్కో ఆరు వేల పైచిలుకు మనుషుల పల్లెటూరు. 2000 నాటికి 33,714. 2010లో 1,16,989. 2020లో 2,00,509. మధ్యలో కొన్నేళ్లు దేశంలోకెల్లా వేగంగా పెరిగే నగరమని పేరు తెచ్చుకుంది. దీన్ని చూసి ఐటీ మహిమ అంటారు మనవాళ్లు. సగం నిజం. ముందు టెలికాం కంపెనీలు రిచర్డ్‌సన్‌కు వచ్చాయి, పెద్ద కంపెనీల కార్యాలయాలు ప్లేనోకు వచ్చాయి, డాలస్ నుంచి టోల్‌వే ఉత్తరానికి పొడుగెక్కుతూ పోయింది. ఆ దారి చివర చవగ్గా దొరికిన ఖాళీ నేల ఫ్రిస్కో. అయితే దారి చివర చవక నేలలున్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని కాదని ఫ్రిస్కో ఎందుకు ముందుకొచ్చింది? ఊరి పెద్దలు అమ్మకం పన్నును వాడుకున్న తీరు వల్ల.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. పన్ను పడే ప్రతి డాలరు సరుకు మీద రెండు సెంట్ల దాకా స్థానిక సంస్థలు వేసుకోవచ్చు. ఫ్రిస్కో వాళ్లు ఒక సెంటు ఊరి ఖర్చులకు ఉంచుకుని, రెండో సెంటును రెండు సగాలు చేశారు. ఒక సగం కంపెనీలను రప్పించే సంస్థకు, ఇంకో సగం పార్కులు, స్టేడియాల లాంటివి కట్టే సంస్థకు. ఆ డబ్బుతోనే పెద్ద పెద్ద బేరాలు ఆడారు. 2000లో స్టోన్‌బ్రయర్ మాల్ తెరుచుకుంది, అదీ సరిగ్గా ప్లేనో పొలిమేర మీద. ప్లేనో జనం రోడ్డు దాటి వచ్చి కొంటే పన్ను ఫ్రిస్కోకు పడుతుంది. ఇంతకంటే గడుసుతనం ఏముంటుంది! తర్వాత బేస్‌బాల్ మైదానం, సాకర్ స్టేడియం, 2016లో డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం, ఆ మీదట గోల్ఫ్ సంఘం. ఆటల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు, కాబట్టి అక్కడితో వదిలేస్తాను.

ఈ తెలివికి ఒక ధర ఉంది. డాలస్ ప్రాంతపు రైలు వ్యవస్థ డార్ట్‌లో చేరాలంటే ఆ రెండో సెంటు దానికి కట్టాలి. ప్లేనో కట్టింది, 2002లో దానికి రైలొచ్చింది. ఫ్రిస్కో కట్టలేదు. దాంతో రైలు పేరు పెట్టుకున్న ఊళ్లో, రైలు కోసం పుట్టిన ఊళ్లో, ఒక మనిషి ఎక్కడానికి రైలు లేదు. ఊరి నడిమధ్య నుంచి గూడ్సు బండ్లు మాత్రం పోతుంటాయి. పాత బజారులో, ధాన్యం గోదాముల పొడుగాటి సైలోల పక్కన, గేటు దగ్గర నిలబడి ఒక గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతుంటే, కార్లో ఉన్న పెద్దాయన అద్దం దించి నవ్వాడు. ఆయనా రైల్వే మనిషేమోనని ఆశపడ్డాను. అడ్డం తప్పుకోమంటున్నాడని కూతురు చెప్పింది.

ఊరి చరిత్రలో ఎవరూ ఫొటో దిగని చోటు ఇంకొకటుంది. 1964 నుంచి ఊరి మధ్యనే పాత బ్యాటరీల నుంచి సీసం తీసే ఫ్యాక్టరీ నడిచింది. ఊరు పల్లెగా ఉన్నప్పుడు జీతాలిచ్చింది అదే. చుట్టూ కాలనీలు లేచాక, గాలిలో సీసం ప్రమాణాలకు మించి ఉందని తేలాక, తల్లిదండ్రులు పోరాడారు. నగరపాలక సంస్థ భూమి కొనే ఒప్పందం చేసుకుంటే 2012 చివర్లో మూతపడింది. నేల శుభ్రం చేసే పని ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది. ముందొచ్చినవాడి అన్నం, వెనకొచ్చినవాడి విషం. ఇద్దరూ అబద్ధమాడలేదు.

ఇక మనవాళ్లు. 2020 లెక్కల ప్రకారం ఫ్రిస్కోలో నాలుగోవంతు పైగా ఆసియా మూలాలవాళ్లే, వాళ్లలో ఎక్కువమంది భారతీయులు, ఆ భారతీయుల్లో తెలుగు మాట ఎంత గట్టిగా వినిపిస్తుందో కిరాణా కొట్టులో నిలబడితే చాలు, తెలుస్తుంది. గోంగూర కట్టల దగ్గర గుంటూరు యాస, బెండకాయల దగ్గర కరీంనగర్ యాస, బిల్లింగ్ దగ్గర స్పానిష్. కార్యసిద్ధి హనుమాన్ గుడికి శనివారం పోతే పార్కింగ్ దొరకదు. ఊరి లైబ్రరీ, ఒకప్పుడు రాకెట్లు తయారుచేద్దామని ఒక కోటీశ్వరుడు పెట్టిన కంపెనీ భవనంలో ఉంది. 2023లో తెరిచారు. లోపల పెద్ద డైనోసార్ అస్థిపంజరం నమూనా. ఆ బల్లల దగ్గర సాయంత్రం పూట లెక్కలు చేసుకుంటున్న పిల్లల్లో మన ముఖాలు, చైనా ముఖాలు, కొరియా ముఖాలు, నైజీరియా ముఖాలు, పాత టెక్సాస్ ముఖాలు అన్నీ కనిపిస్తాయి. నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చిన చోటు అదే. ఏ సినిమాహాలూ, ఏ స్టేడియమూ కాదు.

కానీ ఉదయం ఏడింటికి నడకకు పోతే ఇంకో ఊరు కనిపిస్తుంది. గడ్డి కోసేవాళ్లు, ఇళ్లు ఊడ్చేవాళ్లు, పైకప్పులు వేసేవాళ్లు బయటినుంచి ట్రక్కుల్లో వస్తారు. మా మనవరాలి టీచరమ్మ కూడా పొరుగూరి నుంచి వస్తుందట. ఆరేడు లక్షల డాలర్ల ఇల్లు, దాని మీద ఏటా ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ఆస్తిపన్ను. టీచరు జీతంతో అది అందే పని కాదు. అన్ని రంగులవాళ్లూ ఉన్న ఊరే, కానీ అన్ని జీతాలవాళ్లూ ఉన్న ఊరు కాదు. వైవిధ్యం గురించి మాట్లాడేటప్పుడు మనం మొదటిదే చూపించి రెండోది దాటేస్తున్నాం.

నేను చెప్పదలుచుకున్న మాటకు ఇప్పుడు వచ్చాను. మన జనరల్ బోగీ ఎక్కినవాళ్లకు వివరించనక్కర్లేదు. ప్లాట్‌ఫాం మీదున్నప్పుడు ‘కొంచెం జరగండి సార్’ అని బతిమాలినవాడే, లోపలికి వచ్చి ఒక కాలు ఆనించుకున్నాక, తర్వాతి స్టేషన్‌లో తలుపుకు అడ్డం నిలబడి ‘ఖాళీ లేదు, వెనక పెట్టెకు పో’ అంటాడు. దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ తలుపులను ప్లాట్‌ఫాం వైపు నుంచి చూశాను. ఫ్రిస్కోలో అదే చూశాను, ఏసీలో.

‘ఇండియన్లు ఎక్కువైపోయారు, మా ఊరు మాకు కాకుండా పోయింది’ అని ఇప్పుడు ఆ ప్రాంతంలో కొందరు ఊరి మీటింగుల్లో బాహాటంగానే అంటున్నారు. మనవాళ్లకు కడుపు మండుతుంది, మండాలి కూడా. అన్నవాళ్లలో చాలామంది తాము వచ్చింది ఇరవై ఏళ్ల కిందటే. వాళ్లకు ముందు పత్తి రైతులున్నారు. పత్తి రైతులకు ముందు ఆ గడ్డి మైదానాల్లో తిరిగిన ఆదివాసులున్నారు. వాళ్లను వెళ్లగొట్టాకే ఇదంతా. ఎవరి ఊరని అడిగితే జవాబు చెప్పే హక్కున్నవాళ్లు ఆ మీటింగుల్లో కూర్చోలేదు.

అయితే నేనక్కడున్న రోజుల్లోనే మా కూతురి కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం సమావేశం జరిగింది. నేనూ పోయి వెనక కుర్చీలో కూర్చున్నాను. దగ్గర్లో ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు వస్తాయని పుకారు. ట్రాఫిక్ పెరుగుతుంది, బడి నిండిపోతుంది, ఇళ్ల విలువ పడిపోతుంది, ‘ఆ టైపు జనం’ వస్తారు. ఈ చివరి మాట అన్నది మన తెలుగావిడే, చక్కటి కృష్ణా జిల్లా ఇంగ్లిషులో. పక్కనున్న తెల్లాయన గట్టిగా తలూపాడు. ఫ్రిస్కోలో జాతుల ఐక్యతను ఇంత నిండుగా నేనింకెక్కడా చూడలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లలో సగం మంది అమెరికా వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఉన్నవాళ్లే. మా అల్లుడు రిచర్డ్‌సన్‌లో నేలమీద పరుపు వేసుకుని పడుకున్న రోజుల్ని పండగలా చెప్తాడు. ఆ పరుపు పరిచింది ఏ టైపు జనం ఇంట్లోనో!

బడి నిండిపోతుందన్న భయం గురించి ఒక సంగతి. ఫ్రిస్కో బడుల జిల్లా ఒక మంచి పట్టు పట్టింది. పక్కనున్న ఆలెన్ ఊరు ఒకే మహా హైస్కూలు పెట్టుకుని, దానికి ఆరు కోట్ల డాలర్ల ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకుంటే, ఫ్రిస్కో చిన్న చిన్న హైస్కూళ్లు పెంచుకుంటూ పోయి పన్నెండు దాకా తెచ్చింది. ఒక్కో బడిలో రెండు వేల చిల్లర పిల్లలు మించకుండా చూసుకుంది. ప్రతి పిల్లా ఏదో ఒక జట్టులో, ఏదో ఒక నాటకంలో ఉండే వీలు దానివల్లే. కానీ 2024 చివర్లో అదే జిల్లా, ఊరి పాత భాగంలో ఉన్న స్టేలీ మిడిల్ స్కూల్‌ను మూసేయాలని తీర్మానించింది. పిల్లలు తగ్గుతున్నారు కాబట్టి. దేశంలోకెల్లా వేగంగా పెరిగిందని పేరు తెచ్చుకున్న ఊళ్లో బడి మూత!

వింతేమీ లేదు, లెక్కే. ఒకే పదేళ్లలో ఒకే వయసువాళ్లు వచ్చి ఇళ్లు కొన్నారు. వాళ్ల పిల్లలు ఒకేసారి బడికి పోయారు, ఒకేసారి కాలేజీకి పోయారు. తల్లిదండ్రులు ఆ ఇళ్లలోనే ఉన్నారు. ముప్పై ఏళ్ల వయసున్న కొత్త జంట ఆ ధరకు ఇల్లు కొనలేదు, అద్దెకుందామంటే అపార్ట్‌మెంట్ కట్టనివ్వరు. ఇంక బడికి పిల్లలెక్కడి నుంచి వస్తారు? గుంతకల్లు రైల్వే కాలనీలో ఇది చూశాను. మేం ఒక తరం కలిసి చేరాం, మా పిల్లలతో బడి కిటకిటలాడింది. నియామకాలు తగ్గాయి, పిల్లలు బెంగళూరు పోయారు, క్వార్టర్లకు తాళాలు పడ్డాయి. అక్కడ కొత్తవాళ్లను రానివ్వనిది ఉద్యోగాల కోత. ఇక్కడ ఊరివాళ్లే ఆ పని చేసుకుంటున్నారు.

ట్రాఫిక్, మురుగుకాలవలు, నీళ్లు అన్నవి ఉత్తుత్తి సాకులు కావు, ఒప్పుకుంటాను. లావన్ సరస్సు నుంచి వచ్చే నీళ్లకూ ఒక హద్దుంది. ఎండాకాలం గడ్డికి నీళ్లు పెట్టడానికి వారానికి రోజు కేటాయిస్తారు. అయితే అర ఎకరం పచ్చిక తాగే నీళ్లకంటే, పచ్చిక లేని మూడో అంతస్తు కాపురం తాగేది తక్కువ. ఆ లెక్క మీటింగులో ఎవరూ తీయలేదు.

టెక్సాస్ శాసనసభే చివరికి చొరవ తీసుకుని, 2025లో పెద్ద నగరాల్లోని వాణిజ్య స్థలాల్లో అపార్ట్‌మెంట్లు కట్టుకోవడానికి దారి తెరుస్తూ చట్టం చేసింది. పల్లె టెక్సాస్ ఓట్లతో గెలిచిన కన్సర్వేటివ్ నాయకులు చేసిన పని అది. మన చదువుకున్న కాలనీలు దాన్ని తిప్పికొట్టే దారులు వెతుకుతున్నాయి. నాకిది మింగుడుపడలేదు.

మనవాళ్ల వైపు న్యాయం ఒకటి చెప్పాలి. ఆస్తిపన్ను కట్టే తెలుగువాళ్లలో ఎందరికో ఓటు లేదు. ఉద్యోగాల ద్వారా ఏడాదికిచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న నియమం వల్ల, ఇండియాలో పుట్టినవాళ్ల వరస దశాబ్దాల పొడుగు సాగుతోంది. ఇల్లు కొన్నారు, పిల్లల్ని కన్నారు, ఊరి ఖజానా నింపారు. కౌన్సిలర్‌ను ఎన్నుకోలేరు. వాళ్లను తప్పుబట్టను. కానీ పౌరసత్వం వచ్చినవాళ్ల సంగతేమిటి? ఊరి ఎన్నికలు మే నెలలో శనివారం వస్తాయి. మా కూతురింట్లో రెండు ఓట్లున్నాయి. పోయిన మే నెలలో రెండూ పడలేదు. పొద్దున పిల్లకు డాన్స్ క్లాసు, మధ్యాహ్నం ఎవరిదో గృహప్రవేశం. ఇండియాలో మునిసిపల్ వార్డు ఎన్నికకు గుంటూరు నుంచి బస్సేసుకుని వచ్చే జాతి మనది! తెలుగు సంఘాల ఎన్నికలైతే అక్కడ కూడా ప్యానెళ్లు, ప్రచారాలు, ఫొటోలు, కోర్టు కేసుల దాకా పోతాయి. ఆ పట్టుదలలో పదోవంతు ఊరి ప్లానింగ్ బోర్డు మీద పెడితే చాలు. ఎక్కువైపోయారన్న మాటకు ఇంట్లో వాట్సాప్‌లో ఎంత కోపం వెళ్లగక్కితే ఏం లాభం? బడి బోర్డు మీటింగులో, లైబ్రరీ కమిటీలో, ఎవరి ఇంటి విలువో కాకుండా ఊరి సంగతి మాట్లాడే తెలుగు ముఖాలు కనబడాలి. ఇప్పటికే అలా నిలబడ్డవాళ్లు కొందరున్నారు, తక్కువమంది.

ఇదంతా భోజనాల దగ్గర చెప్తే మా అల్లుడు, ‘మీరు నెల నెలా ఈఎంఐ లెక్క చూడరు కదా మామయ్యా’ అన్నాడు. అదీ నిజమే, ముప్పై ఏళ్ల అప్పు నా నెత్తిన లేదు. వాదన మూడు రాత్రుళ్లు నడిచింది. చివరికి అయిదంతస్తులు వద్దు, మూడైతే సరే, కింద కొట్లు, టీచర్లకూ పోలీసులకూ కొన్ని ఇళ్లు తక్కువ అద్దెకు అన్న దాకా దిగాడు. ఆ మాటే కౌన్సిల్‌లో చెప్పమన్నాను. నెలలో రెండు మంగళవారాలు సమావేశాలుంటాయి, పేరు రాయించుకుంటే ఎవరైనా మాట్లాడొచ్చు, మైకు ముందు ఒక్కొక్కరికీ కొన్ని నిమిషాలే. నిమిషాలు చాలవని గొణిగాడు. రాసుకుని పొమ్మన్నాను.